ఆరో దీవిలో తిప్పిన కంచం

ఆ శనివారం మధ్యాహ్నం తియా నెనింగ్ ఇంట్లో ఆరుగురున్నారు. వంటింట్లో తియా నెనింగ్, కొబ్బరాకుల్లో చుట్టిన బంకబియ్యం ఇబోస్‌ను పెద్ద కుండలో ఉడకబెడుతోంది. ముందు గదిలో కిటికీ పక్కన పేము కుర్చీలో ఆవిడ అత్తగారు, అందరూ లోలా అని పిలిచే అవ్వ ఉర్సింగ్, ఒళ్లో రేడియో పెట్టుకుని నాటకం వింటోంది. లోపలి గదిలో కంప్యూటర్ ముందు తియా కూతురు రోస్వి. ఆమె వెనక మంచం మీద, గింబాల్ ఊరి నుంచి జీప్నీ బండిలో వచ్చిన ఆమె స్నేహితులు, అన్నాచెల్లెళ్లు ఎల్మార్, లూజెల్. ఆరో మనిషి జోవిటా. తియా, అంటే అత్త, అని తను పిలిచే నెనింగ్‌కు తమ్ముడి కూతురు, పదిహేనేళ్ల పిల్ల. బీరువాకీ కంప్యూటర్ బల్లకీ మధ్య జానెడు జాగాలో, బోర్లించిన సీసాల పెట్టె మీద ముడుచుకుని కూర్చుంది. ఇంటి యజమాని ఏదో ఓడ మీద ఏదో సముద్రంలో ఉన్నాడు కనుక ఆయన లెక్కలోకి రాడు.

ఆ పెట్టె మీది చోటు ఆరేళ్లుగా జోవిటాదే. కొండ మీద వాళ్ల ఊళ్లో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు. బడిలో ఒకటి ఉంది గాని దాన్ని పెద్ద టీచరుగారు పువ్వుల గుడ్డ కప్పి, పై అధికారులు వచ్చిన రోజు మాత్రమే ముసుగు తీస్తుంది. తొమ్మిదేళ్లప్పుడు ఒక శనివారం తండ్రి అరటిగెలలు దించడానికి సంతకొస్తూ జోవిటాను ఈ ఇంట్లో దింపి వెళ్లాడు. అప్పుడు రోస్వి ‘ఏడు దీవుల దీపం’ ఆడుతోంది. జోవిటా నాలుగు గంటలసేపు కదలకుండా, నోరు మెదపకుండా చూసింది. వెళ్లేటప్పుడు రోస్వి పిలిచి, వచ్చే శనివారం కూడా రమ్మంది. నువ్వు పక్కనుంటే నాకు ఆట కుదురుగా సాగుతోంది, ఇందై, అంది. ఇందై అంటే అక్కడ చిన్నపిల్లను ముద్దుగా పిలిచే పిలుపు; జోవిటా ఆమెను నాంగ్, అంటే అక్కా, అంటుంది.

అప్పటినుంచి వారానికొకసారి కొండ దిగి వస్తుంది. బడిలో హాజరు పలకడానికే చెమటలు పట్టే పిల్ల, ఈ గదిలో నలుగురి మధ్య నాలుగు మాటలు మాట్లాడగలదు. ఆ నాలుగు మాటల కోసం మిగిలిన ఆరు రోజులు ఎదురు చూస్తుంది.

ఆ ఆటను సెబూ నగరంలో పదిమంది కలిసి చేశారు. ఆడేవాళ్లు నూనె పడవ నడపాలి. ఏడు దీవులు, ఏడు దీపస్తంభాలు. ఒక్కో దీవికీ వెళ్లి కాపలావాడికి నూనె ఇచ్చి, వాడి ఇంట్లో తిరిగి, అక్కడున్న సామాను చూసి, ఏం జరిగి ఉంటుందో మనమే పోల్చుకోవాలి. ఆటలో మాటలు తక్కువ, సామాను ఎక్కువ. అందుకే అభిమానులకు ఎనిమిదేళ్లుగా చేతినిండా పని. అన్నిటికన్నా పెద్ద తగవు ఆరో దీవి మీద. అక్కడి కాపలావాడు బెంటోయ్ ఒక రాత్రి దీపం వెలిగించలేదు. ఆ రాత్రి ఒక పడవ రాళ్లకు కొట్టుకుని మునిగింది. ఎందుకు వెలిగించలేదో ఆట చెప్పదు. తాగి పడుకున్నాడని కొందరు, నూనె అమ్ముకున్నాడని కొందరు, వాడు ఎప్పుడో చచ్చి దయ్యమై తిరుగుతున్నాడని కొందరు.

ఈ ఆట గురించి అభిమానులు రాసుకునే వికీ మొత్తం రోస్వి చేతిలో ఉంది. పగలు మందుల దుకాణంలో తొమ్మిది గంటలు నిలబడి పనిచేసి వచ్చి, అన్నం తినగానే దాని ముందు కూర్చుంటుంది. ఆమె పెట్టిన రూల్ ఒక్కటే. ఆటలో కంటికి కనిపించేది నేరుగా రాయొచ్చు. మనం ఊహించింది ఏదైనా సరే ‘బహుశా’ అన్న మాటతో మొదలుపెట్టాలి. ఊహను నిజంలా రాసినవాళ్లకు వికీలోనూ చోటు లేదు, ఈ ఇంట్లోనూ చోటు లేదు. పోయినేడు రేనాన్ అనే ఆమె కాలేజీ స్నేహితుడు నాలుగో దీవి బావిలో శవం ఉందని ‘బహుశా’ లేకుండా రాశాడు. రోస్వి అతన్ని పంపేసింది. ఇప్పటికీ చర్చి దగ్గర అతను ఎదురైతే అవతలి వైపుకు దాటి నడుస్తుంది.

జోవిటా భయమంతా ఆ రూల్‌తోనే.

ఆరో దీవి ఇంట్లో బల్ల మీద రెండు కంచాలుంటాయి. రెండింటి అంచునా ఒక్కో నీలంపువ్వు. ఒక కంచం పువ్వు గోడవైపు ఉంటుంది, రెండోదాని పువ్వు తలుపువైపు తిరిగి ఉంటుంది. పదకొండేళ్లప్పుడు, ఒక్కో ఇంట్లోని సామానంతా లెక్కల నోటుపుస్తకంలో రాసుకుంటూ ఈ సంగతి పట్టింది జోవిటానే. అది చూడగానే ఆమెకు అర్థమైపోయింది. భోజనం మధ్యలో ఎవరైనా లేచి ప్రయాణమైతే, తింటున్నవాళ్లు తమ కంచాన్ని ఒకసారి తిప్పుతారు, వెళ్లేవాళ్లు క్షేమంగా చేరాలని. వాళ్లమ్మ ఎప్పుడూ తిప్పుతుంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఆ ఇంటిని భూతద్దంతో చూశారు గాని, వాళ్లకిది తెలియదు. బెంటోయ్ తింటుండగా ఎవరో లేచి వెళ్లిపోయారు.

ఎవరు వెళ్లారు? జోవిటా వారమంతా ఆలోచించి, శనివారం రోస్వి స్నానానికి లేచినప్పుడు వికీలో రాసింది. బహుశా బెంటోయ్‌కి ఒక చెల్లెలుంది, పేరు సల్మింగ్. ఆ సాయంత్రం అన్నతో పోట్లాడి మూట పట్టుకుని పడవ రేవుకు వెళ్లింది. చీకట్లో ఏ పడవా బయల్దేరదు కదా అని, ఆమెను ఆపడానికి అన్న దీపం వెలిగించలేదు. పడవ బయల్దేరింది.

రెండు వారాలు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒకే ఒకడు కింద రాశాడు, ఇలాంటి బహుశాలు మా అమ్మమ్మ కూడా చెబుతుంది అని. మూడో శనివారం జోవిటా తన రాతలోంచి ‘బహుశా’ అన్న ఒక్క మాట చెరిపేసింది. అంతే చేసింది. మళ్లీ వచ్చేసరికి ఆ పుట కింద అరవై మంది రాశారు. ఇంట్లో అందరూ ఒకే ఖాతాతో వికీలో రాస్తారు. కనుక దాన్ని ఎల్మార్ కనిపెట్టాడని రోస్వి అనుకుంది, రోస్వి కనిపెట్టిందని ఎల్మార్ అనుకున్నాడు, వాళ్లిద్దరూ ఆటలో ఏదో మూల చూసే ఉంటారని లూజెల్ నమ్మింది. ఒకరినొకరు అడగలేదు. జోవిటా కూడా చెప్పలేదు. ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ నాలుగేళ్లు గడిపేసింది.

ఆ నాలుగేళ్లలో సల్మింగ్ ఆమె చేతుల్లోంచి జారిపోయింది. ఎవరెవరో బొమ్మలు గీశారు. దావావ్‌లో ఒకామె తన కూతురికి ఆ పేరు పెట్టుకుంది. మనీలాలో ఒకమ్మాయి మోచేతి మీద సల్మింగ్ ముఖం పచ్చబొట్టు పొడిపించుకుంది. లేని పిల్లకు ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందా లేదా అని రెండు వర్గాలు ఏర్పడ్డాయి.

ఇప్పుడు ఆ ఆట యానిమేషన్ సీరియల్‌గా వస్తోంది. పోయిన శుక్రవారం నిమిషంన్నర ట్రైలర్ వదిలారు. అందులో నలభై ఒకటో సెకనులో ఒక అమ్మాయి మూట పట్టుకుని దీపస్తంభం మెట్లు దిగుతుంది. ముఖం కనిపించదు, వీపే. అది చూసి అభిమానులంతా ఒక్కటే మాట అన్నారు, సల్మింగ్ అని.

ఈ మధ్యాహ్నం మూడు గంటలకు రోస్వి దాని మీద ప్రత్యక్ష ప్రసారం పెట్టింది. ఆటలో ఇళ్ల లోపలి బొమ్మలన్నీ గీసిన ఓర్లీ సార్ సెబూ నుంచి పదిహేను నిమిషాలు తెర మీదకు వస్తానని మాటిచ్చాడు. మొదటి భాగాన్ని విడుదలకు ముందే ఒక ఊళ్లో అభిమానులకు చూపిస్తారట. ఏ ఊళ్లో అన్నది తేల్చేవాళ్లలో ఆయనా ఒకడు. ఆ ఊరు తమ ఊరే కావాలని రోస్వి ఆశ.

రెండు గంటలకు నలుగురూ ట్రైలర్‌ను పదహారోసారి చూస్తున్నారు. ఎల్మార్ నలభై ఒకటో సెకను దగ్గర ఆపాడు. మెట్లు దిగే అమ్మాయి కుడికాలు ముందు పెట్టింది కాబట్టి ఆమె తిరిగొస్తుందన్నాడు. పోట్లాడి వెళ్లేవాళ్లు ఎడమకాలు ముందు వేస్తారా అని లూజెల్ అడిగింది. నువ్వు పోయిన నెల నాతో పోట్లాడి వెళ్లినప్పుడు ముందు చెప్పులు విసిరావు, కాళ్లు చూడలేదు, అన్నాడు ఎల్మార్. ఆ మూటలో ఏముందన్న దాని మీద ఇంకో పావుగంట గడిచింది. బట్టలని రోస్వి. ఎండుచేపలని ఎల్మార్. మూట అడుగున మరక ఉందట.

“ప్రేమించినవాడి కోసం పోయే పిల్ల ఎండుచేపలు మూటగట్టుకుపోతుందా?” అంది లూజెల్ అన్నతో. “నీలాంటివాడికి ఆడపిల్ల ఎందుకు దొరకలేదో ఇప్పుడు తెలిసింది, నోంగ్.”

“ప్రేమ అని ఎవరన్నారు? వికీలో పోట్లాట అనే ఉంది.”

“పోట్లాట దేనికి మరి? ఏం జోవిటా, ఆరో దీవి సామాను లెక్క నీదే కదా. దేనికి పోట్లాడుకున్నారే వాళ్లు?”

జోవిటా తెలియదంది. నిజంగానే తెలియదు. పదకొండేళ్లప్పుడు ఆమె అంతదూరం ఆలోచించలేదు.

రోస్వి అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుంటూ చదివింది. మొదటి ప్రశ్న, సీరియల్‌లో సల్మింగ్ కథ ఎన్నో భాగంలో మొదలవుతుంది. ఆ ప్రశ్నకు సెబూ మనిషి ఏం జవాబు చెబుతాడో ఈ గదిలో జోవిటా ఒక్కదానికే తెలుసు. ఎవరీ సల్మింగ్ అంటాడు. ఎంతమంది చూస్తుండగా అంటాడో, అప్పుడు నాంగ్ రోస్వి ముఖం ఎలా ఉంటుందో కూడా ఆమెకు కనిపిస్తోంది. చెబితే రేనాన్‌కు పట్టిన గతే తనకూ పడుతుంది. చెప్పకపోతే తన చోటు తనకుంటుంది, నాంగ్ పరువు పోతుంది.

గోడ గడియారం రెండున్నర చూపించింది. రోస్వి మంచినీళ్లకని వంటింట్లోకి లేచింది. జోవిటా ఆమె వెనకే వెళ్లింది.

తియా నెనింగ్ పెరట్లో బట్టలు తీస్తోంది, చినుకులు మొదలయ్యాయి. పొయ్యి మీద కుండ కుతకుతమంటోంది. జోవిటా గుమ్మం పట్టుకుని నిలబడింది.

“నాంగ్, ఆ మొదటి ప్రశ్న అడగొద్దు.”

“ఎందుకు?”

“సల్మింగ్ ఆటలో లేదు. నేనే రాశాను.”

రోస్వి నవ్వింది. ప్రసారం అంటే నీకే వణుకు పుడుతోందా, నువ్వు తెర మీదకు రానక్కర్లేదులే అంది. జోవిటా తల అడ్డంగా ఊపి, వికీలో పాత మార్పులు చూడమంది. నాలుగేళ్ల కిందటి జూలై నెల, మూడో శనివారం. రోస్వి ఫోను తీసింది. ముందు నవ్వు ముఖంతోనే తీసింది. వేలితో కిందికీ పైకీ జరిపింది. ఒకచోట ఆగింది. పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కనే ఉన్నాయి. తేడా ఒక్క మాట. నవ్వు పోయింది.

“పేరు ఎక్కడిది?”

“పక్కింటి మేకది.”

రోస్వి కుండ కింద మంట తగ్గించింది. తర్వాత ఎవరెవరికి తెలుసని అడిగింది. ఎవరికీ తెలియదంది జోవిటా. ఎల్మార్‌కి? తెలియదు. నువ్వు ఎక్కడైనా రాసి పెట్టావా? లేదు.

“అయితే నోరు మూసుకో. నేను ఆ ప్రశ్న దాటేస్తాను. ఇవాళ గడవనీ, తర్వాత చూద్దాం.”

తర్వాత చూద్దాం అంటే ఏమిటో జోవిటాకు అర్థం కాలేదు గాని, గుండె మీంచి బస్తా దించినట్టయింది. చెప్పేసింది. నాంగ్ పంపేయలేదు. ముందు గదిలోంచి వెళ్తుంటే లోలా ఉర్సింగ్ రేడియో గొంతు తగ్గించి, ఎవరో సల్మింగ్ అంటున్నారు, ఆ పిల్ల భోజనానికి వస్తోందా అని అడిగింది. రోస్వి రావట్లేదని చెప్పి గదిలోకి పోయింది. కాగితం మీద మొదటి ప్రశ్న కొట్టేసింది.

మూడు గంటలకు ఎల్మార్ దీపం సరిచేసి ప్రసారం మొదలుపెట్టాడు. చూసేవాళ్ల అంకె నాలుగు వందలు దాటింది, ఐదు వందలయింది. మూడూ పదికి ఓర్లీ సార్ వచ్చాడు. బట్టతల మనిషి, బనీనుతోనే కూర్చున్నాడు, వెనకాల ఎక్కడో కోడిపుంజు కూస్తోంది. మీ ఇలొంగ్గో భాషవాళ్లు తిట్టినా జోలపాడినట్టుంటుందట, నిజమేనా అన్నాడు. తిట్టి చూపించనా సార్ అంది లూజెల్. అందరూ నవ్వారు. గది తేలికపడింది.

రోస్వి బాగా అడిగింది. రంగులు ఎలా ఎంచుకున్నారు, సముద్రం బొమ్మ రోజుకెన్ని గీస్తారు, మూడో దీవి ముసలావిడకు ఈసారి గొంతు ఎవరిస్తారు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పన్నెండు నిమిషాలు అయ్యాయి. చూసేవాళ్లు కింద ఒకటే రాస్తున్నారు, సల్మింగ్ గురించి అడగండి, సల్మింగ్ గురించి అడగండి అని. రోస్వి వాటిని చూడనట్టే ఉంది. లూజెల్ ఉండబట్టలేకపోయింది. నాంగ్ మరిచిపోయిందనుకుంది పాపం. మంచం మీంచి ముందుకు వంగి మైకు లాక్కుంది.

“సార్, నలభై ఒకటో సెకనులో అమ్మాయి సల్మింగే కదా? ఒక్క మాట చెప్పండి చాలు.”

“సల్మింగ్ ఎవరు?” అన్నాడు ఓర్లీ సార్.

“చూశారా, చెప్పకూడదని సార్ నటిస్తున్నారు.”

ఆయన నటించట్లేదు. నిజంగానే అడుగుతున్నానన్నాడు. లూజెల్ ఉత్సాహంగా మొదలుపెట్టింది. ఆరో దీవి, బెంటోయ్ చెల్లెలు, తిప్పిన కంచం. కంచం మాట వచ్చేసరికి ఆయన ముక్కు గోక్కున్నాడు. ఆ కంచం నేనే తిప్పాను అన్నాడు. రెండు కంచాలకూ ఒకే బొమ్మ వాడామనీ, పక్కపక్కన పెడితే అచ్చుగుద్దినట్టున్నాయని పైవాళ్లు గోల చేస్తే ఒకదాన్ని పక్కకు తిప్పేశాననీ, అంతకుమించి దానిలో ఏమీ లేదనీ చెప్పాడు. మా అమ్మ కూడా కంచం తిప్పుతుంది గాని, ఆ రోజు నాకు అది తట్టనే లేదు అన్నాడు.

కింద రాతలు ఒక్కసారి ఆగి, తర్వాత వరదలా వచ్చాయి.

“సరే, కంచం పోనీండి. పేరు ఎక్కడ దొరికింది మీకు?” అన్నాడాయన. “మేమెవరమూ ఆ పేరు పెట్టినట్టు లేదే.”

ఎల్మార్ రోస్విని చూశాడు. లూజెల్ రోస్విని చూసింది. రోస్వి మెడ మీద నరం కదలడం జోవిటాకు పెట్టె మీంచి కనిపించింది.

“ఆటలో ఉంది సార్,” అంది రోస్వి. గొంతులో తడబాటు లేదు. “ఆరో దీవి ఇంట్లోనే ఎక్కడో చూశాం. మా జోవిటా ప్రతి వస్తువూ రాసి పెట్టింది, దానికి కంఠతా వచ్చు. ఎక్కడుందో చెప్పు ఇందై.”

మైకు జోవిటా ముందుకు వచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి రోస్విది. నాంగ్ కళ్లు జోవిటా కళ్లలోనే ఉన్నాయి. అందులో కోపం లేదు. అడుగుతున్నాయి.

జోవిటాకు ఏం చెప్పాలో తెలుసు. పడకగది కిటికీ చెక్క మీద గీసి ఉంది సార్, అంటే చాలు. ఆట చేసింది పదిమంది. ఏ మూల ఎవరు ఏం గీశారో ఆయనకు మాత్రం అన్నీ గుర్తుంటాయా? అవునా, ఉండొచ్చు అంటాడు. మూడు నిమిషాల్లో ప్రసారం అయిపోతుంది. నాంగ్ నవ్వుతుంది. వచ్చే శనివారం ఈ పెట్టె ఇక్కడే ఉంటుంది. ఇదంతా ఆమె మనసులో పూర్తిగా, వరసగా తయారై ఉంది. నాలుగేళ్ల కిందట ఒక మాట చెరిపినప్పుడు కూడా ఇలాగే అంతా సులువుగా అనిపించిందని ఆమెకు తట్టింది. మనీలా అమ్మాయి మోచేతి మీది పచ్చబొట్టు గుర్తొచ్చింది. ఇప్పుడు కిటికీ చెక్క అంటే, రేపటినుంచి జనం ఆ కిటికీ చెక్క చూడటం మొదలుపెడతారు.

“లేదు సార్,” అంది.

వినిపించలేదన్నాడాయన.

“ఆటలో ఎక్కడా లేదు. ఆ పేరు నేను పెట్టాను. బహుశా అని రాసి, తర్వాత ఆ మాట తీసేశాను. వీళ్లెవరికీ తెలియదు.”

చివరి మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అది మాత్రం అబద్ధమే. రోస్వి చేతిలో మైకు కొంచెం కిందికి దిగింది.

ఓర్లీ సార్ ఎప్పుడు రాశావని అడిగాడు. పదకొండేళ్లప్పుడు అంది. మరి దీపం ఎందుకు వెలిగించలేదని రాశావు అని అడిగాడు. చీకట్లో పడవ కదలదనుకున్నాడు సార్, అంది. కోడిపుంజు మళ్లీ కూసింది. మేం అనుకున్న కారణం అది కాదనీ, అదేమిటో చెప్పే వీలు తనకు లేదనీ అన్నాడు. నీది విన్నాక మాది కాస్త చప్పగా ఉందేమో అని అనుమానం వస్తోందని కూడా అన్నాడు. తర్వాత టైమయిందని, అందరికీ నమస్కారమని చెప్పి వెళ్లిపోయాడు. ఏ ఊళ్లో చూపిస్తారన్న మాట ఆయన ఎత్తలేదు, రోస్వి అడగలేదు.

రోస్వి ప్రసారాన్ని పద్ధతిగానే ముగించింది. చూసినవాళ్లకు క్షమాపణ చెప్పింది, ఆ పుటను ఇవాళే సరిచేస్తానంది. కింద రాతలు ఇంకా పారుతూనే ఉన్నాయి. దొంగలన్నవాళ్లున్నారు, నాకు ముందే తెలుసన్నవాళ్లు అంతకన్నా ఎక్కువున్నారు. ఏదేమైనా నాకు సల్మింగే కావాలి అని కొందరు. మనీలా అమ్మాయి ఒక్కటే వాక్యం రాసింది. మరి నా చేతి మీదున్నది ఎవరు? అది చదివి ఎల్మార్‌కు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండటానికి దీపం తీగలు చుట్టడం మొదలుపెట్టాడు.

రోస్వి వికీ తెరిచి, సల్మింగ్ పుటలో మొదటి వాక్యానికి ముందు ‘బహుశా’ చేర్చింది. టకటకా కొట్టి, కుర్చీ వెనక్కి జరిపింది.

“ముందే చెప్పి ఉండొచ్చుగా జోవిటా? ఈ పొద్దున్నైనా చెప్పి ఉంటే నేను అడిగేదాన్నే కాదు,” అంది లూజెల్. ఏడుపు గొంతుతో అంది. జనం ముందు నవ్వులపాలైంది తనే కదా.

జోవిటా రోస్వి వైపు చూసింది. రోస్వి కాగితం మీద కొట్టేసిన ప్రశ్నను నాలుగు మడతలు పెడుతోంది. వంటింట్లో విన్న సంగతి ఎత్తలేదు. జోవిటా కూడా ఎత్తలేదు.

“నువ్వు ఇంటికెళ్లు ఇందై,” అంది రోస్వి కొంతసేపటికి. “రూల్ నీకు తెలుసు.”

ఎల్మార్ తీగలు వదిలేసి తలెత్తాడు. చిన్నప్పుడు చేసిన పని, పైగా తనంతట తనే చెప్పింది కదా అన్నాడు. రేనాన్‌ను పంపినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా అని రోస్వి అడిగింది. రూల్ అంటే రూలే అన్నాడు అప్పుడు. ఇప్పుడు మళ్లీ తీగలు అందుకున్నాడు.

జోవిటా పెట్టె మీంచి లేచింది. నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది. మామూలుగా లేచాక పెట్టెను బల్ల కిందికి తోస్తుంది. ఇవాళ తోయాలో వద్దో తోచక అలాగే వదిలేసింది. ముందు గదిలో లోలా ఉర్సింగ్ కునుకు తీస్తోంది. లోపల ఏం జరిగిందో తెలియని తియా నెనింగ్ వేడివేడి ఇబోస్ నాలుగు కవరులో వేసి తెచ్చి, అమ్మకు రెండివ్వు, దార్లో అన్నీ తినేయకు అంది. వాన పెరిగేలా ఉంది, ఇంత తొందరగా ఎందుకు బయల్దేరావంది. జోవిటా పెద్దలకు పెట్టే దణ్ణంగా ఆవిడ చేతిని నుదుటికి ఆనించుకుని వరండాలోకి వచ్చింది. చెప్పులు తడిశాయి. వంగి తొడుక్కుంటుంటే వెనక అడుగుల చప్పుడయింది.

రోస్వి గుమ్మంలో నిలబడింది. ఒక చెయ్యి తలుపు మీద ఉంది. ఏదో చెప్పడానికే వచ్చినట్టుంది. రోడ్డు మీద జీప్నీ ఒకటి సగం నిండి, ఇంకా మనుషుల కోసం హారను కొడుతోంది.

“నాంగ్, వచ్చే శనివారం…” అంది జోవిటా.

“జీప్నీ వెళ్లిపోతుంది,” అంది రోస్వి. తలుపు వేసింది.